అభ్యంతరం గలవారు

రెండు వేల ఏడో సంవత్సరం ఎండాకాలంలో మా వీధికి ఒకే వారంలో రెండు కబుర్లు అందాయి. నాలుగేళ్ళ కిందట ఆగిపోయిన ‘విడిదిల్లు’ సీరియల్ టీవీలో మళ్ళీ మొదలవుతోందన్నది ఒకటి. మా అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంటోందన్నది రెండోది. మొదటిదాని గురించి వీధి వీధంతా నోరారా మాట్లాడుకుంది. రెండోదాని గురించి మా ముందు మాట్లాడటం మర్యాద కాదు కనక ఎవరూ ఎత్తలేదు. పెదపాడులో మర్యాదకి ఎప్పుడూ లోటుండదు. దానివల్ల వచ్చే తిప్పలు వేరే సంగతి.

‘విడిదిల్లు’ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. పరంధామయ్య అనే పెద్దమనిషి తన ఇంటిని పెళ్ళివారి విడిదికి అద్దెకిస్తుంటాడు. వారానికో పెళ్ళివారు దిగుతారు, వారానికో గందరగోళం. ఇల్లంతా వాళ్ళకి అప్పజెప్పేసినా హాలు మధ్యలో ఉన్న తన పడక్కుర్చీని మాత్రం వదలడు. "మరేం పర్లేదండి, నేనిక్కడ లేననే అనుకోండి" అంటూ అందులోనే వాలి వాళ్ళ గుట్లన్నీ వింటాడు. ఆ వేషం వేసినాయన ఆ మాటని చాలా మెత్తగా, తనలో తను అనుకుంటున్నట్టు అనేవాడు. వారమంతా ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూసేవాళ్ళం.

మా నాన్నకి ఆ మాటంటే ప్రాణం. నాన్న పేరు జాషువా, మా మండలంలో పోస్టుమ్యానుగా చేసేవాడు. ఆయనదీ మెత్తటి గొంతే. మనియార్డరు వచ్చిందని గుమ్మంలో చెబితే లోపలివాళ్ళకి వినపడేది కాదు. వంటింట్లోకి వచ్చి వేయించిన చేపముక్క తీసుకుంటూ, "నేనిక్కడ లేననే అనుకోండి రూతమ్మగారూ" అనేవాడు. అమ్మ అట్లకాడ ఎత్తి చూపించేది. సీరియల్ ఆగిపోయిన మరుసటేడు నాన్న గుండెపోటుతో పోయాడు. హాల్లో నాన్న పడక్కుర్చీ అలాగే ఉండిపోయింది. అందులో మేమెవరమూ కూర్చోలేదు. ఆరేసి తెచ్చిన బట్టలు మాత్రం ఎప్పుడూ ఒక కుప్ప ఉండేవి.

అమ్మ ఏలూరులో ఒక మిషను ఆస్పత్రిలో నర్సు. అప్పటికి యాభై ఒకటి దాటాయి. నేను అదే ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. వేసవి సెలవులిచ్చిన రోజునే అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా నా పక్కన కూర్చుంది.

"ఒక మాట చెప్తాను జాయ్సీ. చెప్పేదాకా మధ్యలో మాట్లాడకు."

"చెప్పు."

"నిత్యానందం గారని, కట్టు కట్టించుకోడానికి నెలరోజులు మా ఆస్పత్రికి వచ్చేరు. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు డ్రైవరు, మిల్లు మిషను నడుపుతారు. బెల్టులో పడి చిటికినవేలు కొస తెగిపోయింది. భార్య పోయి ఆరేళ్ళయింది. పిల్లల్లేరు. కట్టు విప్పేసిన రోజున, ఇంక రావక్కర్లేదండి అన్నాను. ఆయన వెళ్ళలేదు."

"మరేం చేశాడు?"

"బెంచీ మీద కూచున్నారు. సాయంత్రం డ్యూటీ దిగేదాకా కూచుని, అప్పుడడిగేరు." అమ్మ తన గోళ్ళకేసి చూసుకుంది. "నువ్వేమంటావో కనుక్కుని చెప్తానన్నాను. ఇక్కడికొచ్చి ఉంటానంటున్నారు. నిన్ను వదిలి నేను గూడెం వెళ్ళనని చెప్పేను."

నేను చదువుకున్నదాన్ని. తెలుగు టీచర్ని. విధవా వివాహం మీద పదో తరగతి పిల్లలచేత ఏటా వ్యాసం రాయిస్తాను. "నీ ఇష్టమమ్మా. మంచిదే కదా" అన్నాను. చాలా బాగా అన్నాననుకున్నాను. అమ్మ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, లేచి చీర మార్చుకోడానికి వెళ్ళింది.

నిత్యానందం గారు మొదటిసారి మా ఇంటికి ఆ తరవాతి సోమవారం వచ్చారు. గూడెంలో ప్యాసింజరెక్కి, ఏలూరులో దిగి, అక్కడ కొల్లేటివాళ్ళ దగ్గర బతికున్న కొర్రమీనులు కొని, నీళ్ళ డబ్బాలో వేసుకుని బస్సులో తెచ్చారు. చుట్టూ చేపల చెరువులున్న ఊరికి చేపలు మోసుకొచ్చిన మనిషిని నేనప్పుడే చూడటం. మనిషి భారీగా ఉంటారు, జుట్టు తెల్లగా కత్తిరించి ఉంటుంది. ముప్ఫయ్యేళ్ళు మిల్లు హోరులో బతికినందువల్ల చెవులు సగం పోయాయి. గొంతు మాత్రం ఆ హోరు మీద పైచెయ్యి కావడానికి పెంచుకున్నది పెంచుకున్నట్టే ఉండిపోయింది.

"ఏవండీ టీచరుగారూ, బావున్నారాండీ?" అన్నారు గుమ్మంలోంచి. ఎదురింటి తలుపు తెరుచుకుంది.

బావున్నానన్నాను. ఆయన డబ్బా కింద పెట్టి, చెమట తుడుచుకుని, దగ్గర్లో ఉన్న పడక్కుర్చీ వైపు నడిచారు. పాపం, ఆయనకేం తెలుసు.

"అందులో బట్టలున్నాయండి" అన్నాను.

అన్నది అంతే. ఆయనకి సగమే వినిపించి ఉంటుంది. కానీ ఆ సగం చాలు. వెనక్కి తగ్గి గోడవారనున్న బల్ల మీద కూర్చున్నారు. అక్కడ కూర్చున్న గంటసేపూ ఆయన మోకాళ్ళు దగ్గరగా పెట్టుకునే ఉన్నారు, డాక్టరు పిలుపు కోసం చూస్తున్నట్టు.

ఆ గురువారం రాత్రి ఏడున్నరకి ‘విడిదిల్లు’ కొత్తది వచ్చింది. మా వీధి చివర కిరాణా కొట్టు బాలసరస్వతి గారు కొట్టు వాళ్ళాయనకి వదిలేసి మా ఇంటికొచ్చి కూర్చున్నారు. పాతదాన్ని కూడా ఆవిడ మాతోనే చూసేవారు. ఇంట్లో టీవీ లేక కాదు. ఒక్కరే నవ్వితే నవ్వినట్టుండదని.

పాత పాటే వచ్చింది. పాత ఇల్లే చూపించారు. పరంధామయ్య భార్య వేషం కట్టినావిడ కూడా పాతావిడే, కాస్త ఒళ్ళు చేసింది. కుర్చీలో వాలి ఉన్న మనిషి మొహం మీంచి పేపరు తీశాడు. అతను పరంధామయ్య కాదు.

"ఎవరమ్మా ఇతను?" అన్నారు బాలసరస్వతి గారు, ఇంట్లోకి దొంగ జొరబడ్డట్టు.

"మరేం పర్లేదండీ, నేనిక్కడ లేననే అనుకోండీ" అన్నాడతను తెర మీద. గట్టిగా అన్నాడు. చెయ్యి కూడా ఊపాడు. అనేసి నవ్వుతారేమోనని మనవైపు చూశాడు.

"ఇతనెవరు పరంధామయ్య అవటానికి? ఆ గొంతేంటి? ఆ చేతులేంటి?" అన్నాను. "పాతాయనకి ఏం తక్కువైందట?"

"పాతాయనకి ఒంట్లో బాగోలేదట జాయ్సీ. పేపర్లో వేశారు" అన్నారు బాలసరస్వతి గారు. "అల్లుడు వేషం కూడా మార్చేశారు చూడు. ఆ గెడ్డం అతను అల్లుడేంటి, మన చెరువుల కాపలా వాడిలా ఉన్నాడు. కానీ అల్లుణ్ణి ఎలాగోలా సరిపెట్టుకోవచ్చు. ఇంటి పెద్దనే మార్చేస్తే ఎలా చెప్పు."

అనేశాక ఆవిడ అమ్మ వైపు ఒకసారి చూసి, గబుక్కున గ్లాసు ఎత్తి మంచినీళ్ళు తాగారు.

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. తలెత్తకుండానే, "బానే చేస్తున్నాడు కదండీ. నాలుగు వారాలైతే అలవాటవుతాడు" అంది.

"నాకవడు" అన్నాను.

మరునాటి నుంచి నేను చేసిన ఉద్యమం గురించి ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంటుంది. పాలవాడితో చెప్పాను, బస్సులో పక్క సీటావిడతో చెప్పాను, చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన అయ్యాక ఆమెన్ అన్న నోటితోనే చెప్పాను. అందరూ అవునవునన్నారు. కొత్తాయన బాగోలేడని, పాతాయనే నయమని, ఆ కుర్చీలో ఇంకొకణ్ణి చూడటం కష్టంగా ఉందని తలో మాటా అన్నారు. నాకు అన్నేసి మాటలు అంత తొందరగా ఎందుకొస్తున్నాయో నేను ఆలోచించలేదు. వాళ్ళు ఆలోచించి ఉంటారు. మర్యాద కొద్దీ ఊరుకుని ఉంటారు.

రెండో గురువారం సీరియల్ అవగానే, ప్రేక్షకుల అభిప్రాయాలు కార్డు మీద రాసి పంపమని మళ్ళీ చెప్పారు. నేను ముందే కార్డు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. విషయం మధ్యాహ్నమే రాసేశాను. తెర కింద అడ్రసు మొదలైంది. పోస్ట్ బాక్స్ నంబరు అన్న మాట కనపడేసరికి కరెంటు పోయింది. ఎండాకాలం కోత. కార్డు తిప్పి చూసుకుంటే అడ్రసు వైపు తెల్లగా ఉంది. వచ్చేవారం రాద్దామని కీర్తనల పుస్తకంలో పెట్టాను.

ఆ ఆదివారం చర్చిలో అమ్మ పెళ్ళి ప్రకటన మొదటిసారి చదివారు. మా దగ్గర పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఇలా చదవాలి. అప్పుడే పెళ్ళి. మా పాస్టరుని ఊళ్ళో అందరం అయ్యగారనే అంటాం. చాలా నెమ్మదస్తుడు, చీమని కూడా అడ్డం తప్పుకోమని అడిగే రకం. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఈ సంఘ సభ్యురాలు, కీర్తిశేషులు జాషువా గారి భార్య రూతమ్మ గారికిని, తాడేపల్లిగూడెం సంఘ సభ్యులు నిత్యానందం గారికిని వివాహము నిశ్చయింపబడినది. ఇందుకు అభ్యంతరం గలవారు తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

కీర్తిశేషులు జాషువా గారి భార్య. ఆ మాట తరవాత నాకేమీ వినపడలేదు. ఆఖరి పాట అవుతుండగానే లేచి, తలనొప్పని అమ్మకి సైగ చేసి ఇంటికొచ్చేశాను. కీర్తనల పుస్తకం బెంచీ మీదే మర్చిపోయాను. ఆ సంగతి కూడా వారం రోజులు గుర్తు రాలేదు.

రెండో ఆదివారం అమ్మ లేత నీలం చీర కట్టుకుంది. ప్రకటనల సమయం వచ్చింది. అయ్యగారు బుధవారం కూడిక గురించి చెప్పారు, చర్చి కప్పు రేకుల మరమ్మతు గురించి చెప్పారు. తరవాత కానుకల పాట ఎత్తుకోమన్నారు. అమ్మ పెళ్ళి ఊసే లేదు.

కానుక కోసం కొంగు ముడి విప్పుతున్న అమ్మ చేతులు అలాగే ఆగిపోయాయి. అయ్యగారు మర్చిపోయి ఉంటారనుకుని నేను చుట్టూ చూశాను. ఎవరూ మా వైపు చూడటం లేదు. అంతమంది ఒకేసారి చూడకుండా ఉన్నారంటే చూస్తున్నట్టే లెక్క.

ఇంటికొచ్చాక అమ్మ చీర మార్చుకుంది. అన్నం వండింది, మధ్యాహ్నం డ్యూటీ ఉందని బస్సెక్కి వెళ్ళిపోయింది. పప్పులో ఉప్పు వెయ్యలేదు. ముప్ఫయ్యేళ్ళ వంటలో అమ్మ ఉప్పు మర్చిపోవటం అదే మొదటిసారి.

సాయంత్రం అయిదింటికి నిత్యానందం గారు వచ్చారు. ఈసారి డబ్బా లేదు. గుమ్మంలో ఆగి, చెప్పులు విడిచి, ఆయన గొంతు ఎంత తగ్గించగలదో అంత తగ్గించి, "టీచరుగారూ, లోపలికి రావచ్చాండీ?" అన్నారు.

లోపలికి వచ్చి బల్ల మీద కూర్చుని, జేబులోంచి ఒక కార్డు తీసి నాకందించారు. నా అక్షరాలే.

‘గౌరవనీయులైన అయ్యగారికి వందనములు. పాతాయన స్థానంలో కొత్తాయన్ని తేవాలన్న నిర్ణయం మాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఆ పడక్కుర్చీలో వేరొకరిని చూడలేకపోతున్నాము. పాతాయన మాట మెత్తన. ఈయనది మరీ పెద్ద గొంతు. ఆమె పక్కన ఈయన నప్పలేదు. మా వీధిలో అందరి అభిప్రాయమూ ఇదే, పైకి చెప్పలేకున్నారు. దయచేసి ఆలోచించగలరు. ఇట్లు, కె. జాయ్సీ, పెదపాడు.’

ఆ కార్డు తనదాకా ఎలా వచ్చిందో ఆయనే చెప్పారు. చర్చి ఊడ్చి గంట కొట్టే దేవదానం తాతకి బెంచీ మీద పుస్తకం, పుస్తకంలో కార్డు దొరికాయి. వెనకవైపు అడ్రసు లేదు. ముందువైపు అయ్యగారికి వందనములని ఉంది. ఇంకెవరికిస్తాడు? కార్డు మాత్రం తీసుకెళ్ళి అయ్యగారి చేతిలో పెట్టాడు. టీవీవాళ్ళకి రాసేటప్పుడు ఆర్యా అనో, డైరెక్టరు గారికి అనో ఎవరైనా రాస్తారు. చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి గౌరవనీయులు అనగానే అయ్యగారికి వందనములు అని రాసేసింది. అయ్యగారికి ఇది అమ్మకి చూపించే ధైర్యం లేక, గూడెం వెళ్ళే మనిషిచేత పెళ్ళికొడుక్కే పంపించారట.

"ఇది మీ గురించి కాదండి" అన్నాను. "ఇది టీవీకండి. టీవీలో సీరియలండి."

"ఆయ్" అన్నారాయన.

"నిజమండి. అందులో పరంధామయ్యని ఉంటాడండి, ఆయన్ని మార్చేశారండి."

"ఆయ్. మీరు మంచివారండి. నా మొహం మీద అనలేక అలా అంటున్నారండి." ఆయన చిటికినవేలు కొసని రెండో చేత్తో రుద్దుకున్నారు. "మీరు రాసింది అబద్ధం కాదండి. గొంతు పెద్దదేనండి, తగ్గదండి. మీకిష్టం లేకపోతే నేను తప్పుకుంటానండి. రూతమ్మగారితో నేనే చెప్తానండి, మీ పేరు రానివ్వనండి."

ఎంత చెప్పినా నమ్మలేదు. నమ్మకపోవటం ఆయన మర్యాద. ఒట్టేసి చెబితే, "అంతమాటెందుకండి" అని ఇంకా నొచ్చుకున్నారు. ఇంతలో గేటు చప్పుడైంది. ఆస్పత్రిలో ఇంకో నర్సుకి డ్యూటీ అప్పజెప్పి అమ్మ తొందరగా వచ్చేసింది. మా ఇద్దర్నీ చూసింది, నా చేతిలో కార్డు చూసింది. చెయ్యి చాపింది. ఇవ్వక తప్పలేదు.

అమ్మ రెండుసార్లు చదివింది. నేను గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. కరెంటు పోవటం, పుస్తకం మర్చిపోవటం, దేవదానం తాత, అయ్యగారు. చెబుతుంటే నాకే నవ్వొచ్చింది. అమ్మ నవ్వలేదు.

"టీవీకే రాశావా?"

"టీవీకేనమ్మా."

"మరి ఇందులో ఒక్క పేరు కూడా లేదేంటే?"

కార్డు తీసుకుని చూశాను. అమ్మ అన్నది నిజం. సీరియల్ పేరు లేదు, పరంధామయ్య పేరు లేదు. కార్డు నిండా రాశాను, ఎవరి గురించో ఒక్కచోటా రాయలేదు. రోజూ పిల్లల వ్యాసాల్లో కర్త ఎక్కడుందని ఎర్రసిరాతో అడిగేదాన్ని.

అమ్మ నిత్యానందం గారి వైపు తిరిగింది. ఆయనకి వినపడేలా కాస్త గొంతు పెంచి, "దానికి ఇష్టం లేకుండా వద్దండి" అంది. "దీన్ని బాధపెట్టి నేను సుఖంగా ఉండలేనండి."

"ఆయ్" అన్నారాయన. లేచారు.

ఆయన గుమ్మందాకా వెళ్ళి వంగి చెప్పులు వెతుక్కుంటున్నారు. పొద్దున కొంగు ముడి దగ్గర ఆగిపోయిన అమ్మ చేతులు నాకు గుర్తొచ్చాయి. ఆ చేతులు ఇంక జీవితమంతా అలా ఆగిపోయి ఉంటాయనీ, అందుకు కారణం నేనేననీ అనిపించింది. చాలా భయమేసింది.

"నిత్యానందం గారూ" అని గట్టిగా పిలిచాను. "గురువారం సాయంత్రం రండి. ఆ సీరియల్ చూసి, అప్పుడు చెప్పండి నేను రాసింది ఎవరి గురించో."

గురువారం ఆయన ఆరింటికే వచ్చేశారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఆయన ఇంట్లో టీవీ లేదట. రేడియో ఉంది గానీ వినపడదట. బాలసరస్వతి గారు కూడా వచ్చారు. ఆయనకి వినపడాలని సౌండు పూర్తిగా పెంచాను. మా వీధంతటికీ ఆ రోజు టీవీ ఒకటే సరిపోయి ఉంటుంది.

నేను పడక్కుర్చీలో బట్టలన్నీ తీసి మంచం మీద పడేశాను. "ఇందులో కూర్చోండి" అన్నాను.

ఆయన కుర్చీ వైపు చూశారు, నా వైపు చూశారు. "వద్దండి. అది మీ నాన్నగారిదండి. నాకు బల్లే బావుంటదండి, నడుం నిటారుగా ఉంటది." అని తన చోట తను కూర్చున్నారు.

పాట వచ్చింది, ఇల్లు వచ్చింది. కొత్త పరంధామయ్య మొహం మీంచి పేపరు తీశాడు. నిత్యానందం గారు ముందుకి వంగి, పిల్లాడు పాఠం విన్నట్టు విన్నారు. పెళ్ళివారు బిందెలు మోసుకుంటూ హాల్లోకి వచ్చారు. అతను చెయ్యి ఊపుతూ ఆ మాట అన్నాడు. బాలసరస్వతి గారు తల కొట్టుకున్నారు.

"ఈయనేనాండీ కొత్తాయన?" అన్నారు నిత్యానందం గారు.

"ఈయనేనండి. చూశారా ఎలా అరుస్తున్నాడో."

"పాపమండి" అన్నారాయన. కాసేపు చూసి మళ్ళీ అన్నారు. "భయపడుతున్నాడండి. పాతాయన ఎలా అనేవాడో తలుచుకుంటా అంటున్నాడండి, అందుకే కుదరట్లేదు. అందరూ తన్ని చూసి ఇంకోళ్ళని తలుచుకుంటున్నారని తెలుస్తా ఉంటదండి మనిషికి." ఆయన కళ్ళు టీవీ మీదే ఉన్నాయి. "నాకూ అలాగే ఉంటదండి, ఈ గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా."

చిన్నగానే అన్నాననుకున్నారేమో. ఎదురింటిదాకా వినపడి ఉంటుంది. అమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. బాలసరస్వతి గారు ఈసారి మంచినీళ్ళు వెతుక్కోలేదు. కొంగుతో ముక్కు తుడుచుకున్నారు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నాన్న పోయాక ఆ హాల్లో నేను ఏడవటం అదే మొదటిసారి. అప్పటిదాకా ఏడవటానికి బదులు బట్టలు మడతపెట్టేదాన్ని. నిత్యానందం గారు కంగారుపడి, "సీరియల్ బానే ఉందండి టీచరుగారూ, ఆయన నేర్చుకుంటాడండి" అన్నారు. ఏడుస్తూనే నవ్వేశాను.

సీరియల్ అయిపోయింది. కరెంటు పోలేదు. తెర కింద అడ్రసు నింపాదిగా నడిచింది, పిన్ కోడుతో సహా. నేను కొత్త కార్డు తెచ్చుకుని రాయడం మొదలుపెట్టాను. అమ్మ వచ్చి భుజం మీంచి చూసింది.

"పోస్టుమ్యాను కూతురివి. ఈసారైనా అడ్రసు రాయి" అంది.

నేను రాయలేదు.

ఆదివారం మొదటి గంటకే చర్చికి వెళ్ళాను. దేవదానం తాత బెంచీలు తుడుస్తున్నాడు. వందనాలు చెప్పి, కీర్తనల పుస్తకాన్ని ఆ రోజు మర్చిపోయిన చోటే పెట్టి, కార్డు సగం పైకి కనపడేలా ఉంచి బయటికొచ్చేశాను. వేపచెట్టు కింద నిలబడి చూశాను. తాత పుస్తకం ఎత్తాడు, కార్డు తీశాడు, వెనక్కి తిప్పాడు. అడ్రసు లేదు. తలూపుకుంటూ అయ్యగారి ఇంటివైపు నడిచాడు.

ఆ రోజు నిత్యానందం గారు కూడా మా చర్చికే వచ్చారు. నేనే రమ్మన్నాను. మగవాళ్ళ వైపు ఆఖరి బెంచీలో కూర్చున్నారు. ప్రకటనలప్పుడు అయ్యగారు కళ్ళజోడు పైనుంచి నన్ను ఒకసారి చూశారు. ఆయన బైబిల్లోంచి కార్డు అంచు కనపడుతోంది. అందులో ఉన్నది ఇంతే. ‘గౌరవనీయులైన అయ్యగారికి వందనములు. కొత్తాయన్ని కొనసాగించగలరు. పాతాయనలా ఉండమని మాత్రం అడగవద్దు. మాకు అలవాటవుతున్నారు.’

అయ్యగారు గొంతు సవరించుకుని చదివారు. "ఈ సంఘ సభ్యురాలు, కీర్తిశేషులు జాషువా గారి భార్య రూతమ్మ గారికిని..." ఆ మాట ఈసారి కూడా గుచ్చుకుంది, కానీ కూర్చున్నాను. "తాడేపల్లిగూడెం సంఘ సభ్యులు నిత్యానందం గారికిని..."

ఆఖరి బెంచీలో ఆయనకి మిగతాదేమీ వినపడలేదు. తన పేరు మాత్రం వినపడింది. పిలుస్తున్నారనుకున్నారు. గబుక్కున లేచి నిలబడి, ముప్ఫయ్యేళ్ళ మిల్లు హోరు మీద పైచెయ్యైన ఆ గొంతుతో అన్నారు.

"ఉన్నానండి. ఇక్కడే ఉన్నానండి."

చర్చి చర్చంతా నవ్వింది. అయ్యగారు పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వుతోంది. నాన్న చేపముక్క ఎత్తుకుపోయినప్పుడు నవ్వే నవ్వది. ఆయన ఒక్కరే ఏం జరిగిందో తెలియక, ఇంకా నిలబడే ఉండి, సరిగానే అన్నానా అన్నట్టు నా వైపు చూస్తున్నారు. సరిగానే అన్నారని తలూపాను. అప్పుడు కూర్చున్నారు.

నవ్వులు ఆగాక అయ్యగారు మిగతాది పూర్తి చేశారు. అభ్యంతరం గలవారు తెలియజేయవలెనన్నారు. ఇది రెండవ ప్రకటన అన్నారు.